ఫొటోలో నాలుగో మనిషి

హనోయిలో సగం ఇళ్లలో ఆల్బమ్ తెరిస్తే ఏదో ఒక పేజీలో లువా నవ్వుతూ కనిపిస్తుంది. ఆమె ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఈవిడ మీ చిన్నత్తా?" అని భార్య అడుగుతుంది. "మా వైపు కాదే. ఇన్నాళ్లూ మీ వైపు మనిషనుకుంటున్నా" అని భర్త అంటాడు. ఇద్దరూ కాసేపు తల గోక్కుని పేజీ తిప్పేస్తారు.

వాళ్ల తప్పేమీ లేదు. ఆ ఊళ్లో ముగ్గురు కలిసి ఫొటో దిగరు. దిగితే మధ్యలో ఉన్నవాళ్లకి నూకలు చెల్లుతాయని నమ్మకం. బాగా చదువుకున్నవాళ్లు "ఈ రోజుల్లో అవన్నీ ఎవరు నమ్ముతారండీ" అని నవ్వుతారు. నవ్వుతూనే నాలుగో మనిషి ఎక్కడైనా దొరుకుతారేమోనని అటూ ఇటూ చూస్తారు. హోవాన్ కియెమ్ సరస్సు ఒడ్డున అలా చూసిన వాళ్లందరికీ లువా దొరికేది. ఫొటోగ్రాఫర్ బిన్ భార్య ఆమె. భర్తకి సంచులు మోస్తూ పక్కనే ఉండేది. పిలవగానే సంచి కింద పెట్టి, జుట్టు సవరించుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ల పక్కన నిలబడి, వాళ్ల మేనత్తలాగా నవ్వేది. భర్త గిరాకీలకే కాదు, ఒడ్డున కెమెరా పట్టిన ప్రతివాడి గిరాకీకీ ఆమే నాలుగో మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే పని, దానికి ఒక పేరైనా లేదు.

ఆ ఏడు వానాకాలంలో బిన్‌కి పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది గాని కుడిచెయ్యి రాలేదు. కెమెరా పెట్టెలోకి పోయింది. ఒడ్డున ఒక్కొక్క ఫొటోగ్రాఫర్‌కి ఒక్కొక్క చోటు ఉంటుంది. బిన్ చోటు అన్నిటికన్నా మంచిది. అక్కడ కొమ్మలు అడ్డురావు, నీళ్ల మధ్యలో ఉన్న తాబేలు గోపురం సూటిగా ఎదురుగా కనిపిస్తుంది. చోటు ఖాళీ అయిందని తెలియగానే పక్క చోటు క్వెన్ తన బావమరిది లాంగ్‌ని తీసుకొచ్చాడు. లాంగ్ మెడలో కొత్త కెమెరా, కళ్లకి నల్లద్దాలు, మొహంలో అప్పుడే ఆ చోటు తనదైపోయినంత ధీమా.

ఒడ్డు ఫొటోగ్రాఫర్లందరికీ మౌ పెద్దమనిషి. ఆయన మాటే తీర్పు. లువా ఆయన దగ్గరికి వెళ్లి నిలబడింది.

"పెదనాన్నా, ఆ చోటులో నేను నిలబడతా."

మౌ చదరంగం బల్ల మీంచి తల ఎత్తలేదు. "ఇన్నాళ్లూ నిలబడ్డావుగా."

"కెమెరా ముందు నిలబడ్డా. ఇప్పుడు వెనక నిలబడతానంటున్నా."

పక్కనున్న క్వెన్ పకపకా నవ్వాడు. "వదినా, వంటింట్లో ఉప్పు అందించినంత మాత్రాన వంట వచ్చేస్తుందా?"

"నీ ఫొటోలు చూస్తుంటే ఉప్పు కూడా పడ్డట్టు లేదు క్వెన్" అంది లువా.

మౌ అప్పుడు తలెత్తాడు. "శని, ఆదివారాలు నిలబడు. ఆ చోటులో పని చెయ్యగలవో లేదో నా కళ్లతో చూస్తా. చెయ్యలేకపోతే లాంగ్‌కి ఇచ్చేస్తాం. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకూడదు."

"ఏడవడం నాకు రాదు పెదనాన్నా. నవ్వడమే అలవాటు."

మాట గట్టిగానే అంది గాని భయం లేకపోలేదు. ఆ చోటు పోతే ఇంట్లో పొయ్యి మీద కుండ పోయినట్టే. అదొక్కటే అయితే మరో దారి చూసుకునేది, ఫో నూడుల్స్ అమ్ముకున్నా బతకొచ్చు. కాని ఆ చోటు తనదని లువాకి గట్టిగా అనిపిస్తోంది. ఇంతమంది ఆల్బమ్‌లలో తను ఉంది, ఏ ఒక్క ఫొటో తను తీసింది కాదు. అది ఆమెకి చాలాకాలంగా నొప్పి. బయటికి చెప్పుకోలేదంతే.

శనివారం పరువు పోయింది. వచ్చిన వాళ్లు వచ్చినట్టే "ఫొటోగ్రాఫర్ గారు ఎక్కడికెళ్లారు?" అని అడిగారు. "నేనే" అంటే మొహాలు చూసుకుని క్వెన్ వైపు జరిగిపోయారు. నిలబడ్డ కొద్దిమందినీ భర్త ఎలా తీసేవాడో అలాగే తీసింది. మనుషుల్ని ఒడ్డు రాయి మీద నిలబెట్టి, తను ఎదురుగా, బాగా దగ్గరగా నిలబడి నొక్కింది. ఒక కుర్రాడు చేతికొచ్చిన ఫొటో చూసి, "ఇదే నా ఫోన్లో కూడా పడుతుంది కదాంటీ" అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు, ఉన్నమాటే అన్నాడు. అందుకే అది ముల్లులా దిగింది. లాంగ్ రోజంతా అక్కడక్కడే తచ్చాడుతూ కొత్త కాపరానికి ఇల్లు చూసుకునేవాడిలా ఆ చోటుని కొలుచుకున్నాడు.

సాయంత్రం బిన్‌కి గంజి తాగిస్తూ లువా అడిగింది. "మీరు తీసే ఫొటోల్లో గోపురం ఎప్పుడూ నా చెవి పక్కన లోలాకంత ఉండేది. ఎందుకలా?"

"దూరంగా ఉంది కదే."

"అది దూరంగా ఉండటం కాదు. మీరు నాకు మరీ దగ్గరగా ఉండేవారు. మీరు వెనక్కి పోయుంటే నేను చిన్నగా పడేదాన్ని, అది నాతో సమానంగా వచ్చేది."

"వెనక్కి పోతే రోడ్డు. బస్సు కింద పడమంటావా?"

"శని ఆదివారాల్లో బస్సులేవీ? ఆ రోడ్డు మనుషులు నడవడానికే వదిలేసి ఎన్నాళ్లయింది?"

బిన్ గంజి మింగడం మర్చిపోయాడు. బళ్లు తిరిగే రోజుల్లో అలవాటైన కాళ్లు. బళ్లు ఆగిపోయినా ఒడ్డున ఒక్కడూ వెనక్కి జరగలేదు. తండ్రులు నిలబడ్డచోటే కొడుకులు నిలబడ్డారు. బిన్ ఎడమచేత్తో మంచం కింద చూపించాడు. "పెళ్లిళ్లకి వాడే పొడుగు లెన్సు ఆ పెట్టెలో ఉంది. తీసుకుపో" అన్నాడు.

ఆదివారం జనం తిరణాల్లా ఉన్నారు. రోడ్డు నిండా బుడగలవాళ్లు, బొమ్మ కార్లు తోలుకునే పిల్లలు, ఐసు టీ తాగుతూ నడిచేవాళ్లు. ఆ జనాన్ని చీల్చుకుంటూ ముగ్గురు ముసలమ్మలు వచ్చారు. ముగ్గురూ కొత్త మఖమలు పొడుగంగీలు తొడుక్కున్నారు. నామ్ దిన్ పల్లె నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. వాళ్ల నాన్న పెరట్లో చెట్లని చూసి పేర్లు పెట్టాడట. పెద్దావిడ మన్ అంటే ఆల్‌బుకరా, రెండో ఆవిడ బుయి అంటే పంపరపనస, చిన్నావిడ చాన్ అంటే నిమ్మ. పేరుకి తగ్గట్టు నోటిదురుసు కూడా చిన్నావిడదే. వాళ్లు అప్పటికే క్వెన్ దగ్గరికి వెళ్లొచ్చారు. ఆయన టీ అమ్మే అమ్మాయిని నాలుగో మనిషిగా పిలిచేసరికి చాన్ మండిపడి వచ్చేసింది.

"మాకు నాలుగో మనిషి వద్దమ్మాయ్" అంది చాన్, లువా నోరు తెరవకముందే. "మా పెద్దక్క పెళ్లి ఫొటోలో మా ముగ్గురి పక్కన పాలేరుని నిలబెట్టారు. చిన్నక్క పెళ్లిలో ఎవరో పక్క ఊరి మేష్టారు. నా పెళ్లిలో అయితే ఫొటోగ్రాఫర్ అత్తగారు. ఆవిడ నాకంటే బాగా పడింది. మేం ముగ్గురమే ఉన్న ఫొటో ఇంతవరకు ఒక్కటి లేదు."

"లేకపోతేనేం, ముగ్గురం బతికున్నాం" అంది మన్. పాతకాలం ఆడవాళ్ల సింగారంలాగా రంగు పట్టించుకున్న ఆవిడ పళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. "మధ్యలో నిలబడ్డవాళ్లు పోతారే. అమ్మ చెప్పింది."

"నేను మధ్యలో ఉంటాలే అక్కా" అంది బుయి. "నాకెలాగూ షుగరుంది."

"నోర్ముయ్. పెద్దదాన్ని నేనుండగా నువ్వు ముందు పోతావా? నేనుంటా మధ్యలో."

"నువ్వు పోతే నన్ను తిట్టేదెవరు? నేనే ఉంటా" అంది చాన్.

చావడానికి ముగ్గురూ పోటీపడుతుంటే చుట్టూ జనం పోగయ్యారు. లువాకి నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలోనే మన్ అన్న మాట విని ఆగిపోయింది. "ఈ కాళ్లతో నేను మళ్లీ హనోయి వస్తానటే? వచ్చినా అప్పటికి ముగ్గురం ఉంటామా?" అని పెద్దావిడ చిన్న గొంతుతో అంటోంది, ఎటూ తేల్చుకోలేక.

సరిగ్గా అప్పుడే క్వెన్ వచ్చాడు, వెనకాల లాంగ్. ఎదురు బెంచీ మీద మౌ చదరంగం ఆపి ఇటే చూస్తున్నాడు.

"ఇంత రాద్ధాంతం ఎందుకు వదినా?" అన్నాడు క్వెన్ తియ్యగా. "కెమెరా ఇలా ఇవ్వు. నువ్వెళ్లి వాళ్ల పక్కన నిలబడు. మా లాంగ్ నొక్కుతాడు. నీకు రోజూ అలవాటైన పనేగా."

"అదీ మాట" అంది మన్. "రామ్మా, నీ మొహం చల్లగా ఉంది. పరాయిదానిలా అనిపించడం లేదు."

లువా కాళ్లు వాటంతటవే ఒక అడుగు వేశాయి. చెయ్యి జుట్టు సవరించుకోవడానికి లేచింది. లాంగ్ నల్లద్దాలు సర్దుకుని కెమెరా కోసం చెయ్యి చాచాడు. ఆ చెయ్యి చూసి లువాకి ఒళ్లు మండింది. ఇప్పుడు వెళ్లి నిలబడితే ముసలమ్మలకి ఫొటో దక్కుతుంది, తనకి మరో ఆల్బమ్‌లో మరో పేజీ దక్కుతుంది, చోటు మాత్రం వీడికి దక్కుతుంది.

"నేను ఫొటోలో నిలబడను క్వెన్" అంది. "తీస్తాను."

"మరి నాలుగో మనిషి?"

లువా సరస్సు వైపు చెయ్యి చూపించింది. "అదుగో. ఎన్నాళ్ల నుంచో నీళ్లలో నిలబడే ఉంది. పిలిచినవాళ్లు లేరు."

క్వెన్ ఈసారి నిజంగానే నవ్వాడు. "ఆ గోపురమా? అది బొటనవేలంత పడుతుంది వదినా. మనిషెలా అవుతుంది?"

లువా మన్, చాన్ ఇద్దర్నీ ఒక పక్క నిలబెట్టింది. బుయిని చెయ్యి పట్టుకుని రెండో పక్కకి తీసుకెళ్లింది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలింది.

"నన్ను వెలేశారా ఏంటి?" అంది బుయి బిక్కమొహం వేసి.

"ఆ ఖాళీలోకి చుట్టం వస్తాడు పిన్నీ. ఆయనకి చోటివ్వాలి. ఎవరూ కదలకండి" అని చెప్పి లువా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒడ్డు దాటింది, కాలిబాట దాటింది, రోడ్డు మీదికి దిగింది, రోడ్డు కూడా దాటి అవతలి దుకాణాల మెట్ల దాకా పోయింది. "వదిన ఇంటికి పోతున్నట్టుంది" అని క్వెన్ అనగానే నలుగురు నవ్వారు.

పొడుగు లెన్సు పెట్టి చూసింది. గోపురం పెరిగింది. మనుషులంత పెరిగింది. కాని మన్ భుజాల వెనక నుంచి మొలిచినట్టు ఉంది. లువా పక్కకి జరిగింది. తను జరిగేకొద్దీ గోపురం కూడా వాళ్ల వెనకాలే నడిచినట్టు కదిలి, కదిలి, ఆ ఖాళీలోకి వచ్చి నిలబడింది. అయినా ఏదో తేడా. దాని మొదలు వాళ్ల ఛాతీల దగ్గర ఉంది, అటక మీద పెట్టిన బొమ్మలాగా. పక్కన నిలబడ్డ మనిషిలాగా లేదు. మోకాళ్లు వంచింది. గోపురం కొంచెం దిగింది. కూర్చుంది. ఇంకొంచెం దిగింది. ఇక ఆలోచించలేదు. ఉన్న ఒక్క మంచి పట్టు జాకెట్టుతో హనోయి రోడ్డు మీద బోర్లా పడుకుంది.

గోపురం దిగి వచ్చి ముసలమ్మల పాదాల దగ్గర పాదం మోపింది. తల వాళ్ల తలల సరసకి వచ్చింది. లువా కన్ను లెన్సుకి మరింత అదిమింది. ఒడ్డున పుట్టి పెరిగిన ఏ ఫొటోగ్రాఫరూ దాన్ని అలా చూడలేదని ఆమెకి తెలుసు. చూసిన మొదటి మనిషి తనే.

మరుక్షణం లెన్సుకి అడ్డంగా ఒక బొమ్మ కారు పోయింది. దాని వెనక బుడగలవాడు, వాడి వెనక ఓ పెళ్లి గుంపు. లువా తలెత్తి, జన్మలో ఎప్పుడూ ఎత్తనంత గొంతు ఎత్తింది.

"ఆగండి! ఇటువాళ్లు ఇటు, అటువాళ్లు అటు. ఒక్క ఫొటో తీసుకుంటా, మీ రోడ్డు మీకిచ్చేస్తా."

రోడ్డు ఆగింది. బోర్లా పడుకున్న ఆడమనిషి కేకేస్తే ఆగక ఏం చేస్తారు? ఐసు టీ అమ్మాయి ముక్కాలిపీట తెచ్చి అడ్డం పెట్టింది. బుడగలవాడు పిల్లల్ని పట్టి నిలబెట్టాడు. పెళ్లికూతురు గౌను అంచు ఎత్తిపట్టుకుని ఒంటికాలి మీద ఆగిపోయింది. లువా నుంచి ఒడ్డు దాకా చీమ కూడా లేని దారి పడింది.

ముసలమ్మలు కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నారు. నవ్వండి అంటే ఎవరూ నవ్వరని లువా కన్నా బాగా ఎవరికి తెలుసు? ఎన్ని వందలసార్లు ఆ మాట విని పళ్లు బయటపెట్టిందో.

"పెద్దమ్మా! చిన్నప్పుడు మీ ముగ్గురిలో అమ్మ చేత ఎక్కువ దెబ్బలు తిన్నదెవరు?" అని అరిచింది.

"ఇదే" అని మన్, చాన్ ఇద్దరూ బుయి వైపు వేలు చూపించారు. "అబద్ధం, వాళ్లే" అని బుయి రెండు చేతులతో వాళ్లిద్దర్నీ చూపించింది. ముగ్గురూ నోళ్లు తెరిచి పగలబడి నవ్వారు. వేళ్లన్నిటికీ నడుమ గోపురం పెద్దమనిషిలా నిలబడింది. లువా నొక్కింది.

సంచిలోని చిన్న ప్రింటర్లోంచి ఫొటో బయటికి రాగానే మన్ ముందు లాక్కుంది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. వేలితో లెక్కపెట్టింది. "నేను, చాన్, ఇదిగో ఈయన, బుయి. నలుగురం. మధ్యలో మనిషి లేడే." ఫొటోని మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. "మరి ఈ గోపురానికేమైనా అయితే?"

"యుద్ధంలో బాంబులకి కానిది నీ మొహానికి అవుతుందా?" అంది చాన్. అని, గబుక్కున మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. బుయి ఫొటోలో అక్క మొహాన్ని, చెల్లెలి మొహాన్ని వేలి కొసతో తాకి తాకి చూసుకుంది. జీవితంలో మొదటిసారి ముగ్గురూ ముగ్గురే ఉన్నారు, పాలేరు లేడు, మేష్టారు లేడు. మన్ ఆ ఫొటోని రుమాల్లో చుట్టి రొమ్ము దగ్గర దోపుకుంటూ, "నేను మధ్యలో లేను కాబట్టి ఇప్పుడిప్పుడే పోను. వచ్చే ఏడు మళ్లీ వస్తా, ఈ అమ్మాయినే ఉంచండి" అని జనానికి హుకుం జారీ చేసింది.

ఆ తర్వాత లువాకి మంచినీళ్లు తాగే తీరిక లేదు. ఆ జనంలో అన్ని ముగ్గురేసి జట్లు ఉన్నాయని ఎవరికి తెలుసు? తల్లీ తండ్రీ ఒక్క కూతురు, ఒకే గదిలో ఉండే కాలేజీ పిల్లలు ముగ్గురు, సెలవు మీద వచ్చిన సిపాయిలు ముగ్గురు. ఇన్నాళ్లూ నాలుగో మనిషి కోసం బెరుగ్గా దిక్కులు చూసినవాళ్లందరూ వరసకట్టారు. ప్రతి ఫొటోకీ లువా లేచింది, పడుకుంది, అరిచింది, రోడ్డు ఆగింది. మోచేతులు కొట్టుకుపోయాయి. జాకెట్టు రంగు మారిపోయింది. ఆమెకి పట్టలేనంత ఆనందంగా ఉంది.

క్వెన్ చూసి ఊరుకోలేకపోయాడు. తనూ రోడ్డు దాటి వెనక్కి వచ్చాడు. కాని పొట్ట అడ్డమొచ్చి పడుకోలేక, నిలబడే నొక్కాడు. ఆ ఫొటోలో గోపురం ఓ సిపాయి నెత్తి మీద కిరీటంలా వచ్చింది. మిగతా ఇద్దరు సిపాయిలు వాణ్ణి "మహారాజా" అని పిలుస్తూ నేరుగా లువా వరసలోకి వచ్చి నిలబడ్డారు.

ఎండ చల్లబడుతుండగా మౌ చదరంగం పావులు సంచిలో పోసుకుని లేచాడు. నడుస్తూ నడుస్తూ ఒక చేత్తో క్వెన్ మోచెయ్యి పట్టుకున్నాడు. రెండో చేత్తో లాంగ్ మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దర్నీ లాక్కుంటూ తీసుకొచ్చి బిన్ చోటుకి ఎదురుగా, ఒడ్డు రాయి మీద నిలబెట్టాడు. తను వాళ్లిద్దరి మధ్యలో నిలబడ్డాడు. చూస్తున్న ఫొటోగ్రాఫర్లు గుసగుసలు మానేశారు. ఆ వయసులో, ముగ్గురిలో మధ్యన నిలబడటమా అని.

"ఏంటి పెదనాన్నా ఇది?" అన్నాడు క్వెన్ కంగారుగా. "టీ అమ్మాయిని పిలుస్తానుండు."

"ఎందుకు? ఈ చోటు ఫొటోగ్రాఫర్ ఉందిగా" అన్నాడు మౌ. అని, రోడ్డవతలికి కేకేశాడు. "లువా! మమ్మల్ని తియ్యి."

లువా పడుకుని లెన్సులోంచి చూసింది. మౌ బొత్తాలు సర్దుకుంటున్నాడు. క్వెన్ పొట్ట లోపలికి పీల్చుకుంటున్నాడు. లాంగ్ నల్లద్దాలు తీసేసి జేబులో పెట్టుకున్నాడు, మొదటిసారి వాడి కళ్లు కనిపించాయి. ముగ్గురూ ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నారు. లువా తల ఎత్తింది.

"పెదనాన్నా, మధ్యలో మీరు వద్దు" అని అరిచింది. "అది గోపురం చోటు. మీరు క్వెన్ పక్కకి జరగండి."

మౌ వెంటనే జరిగాడు.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగాడు.